పేరు ఒకరిది, చెయ్యి ఇంకొకరిది: అలెక్స్ జేమ్స్ చీజ్ కేస్ స్టడీ

డెయిరీ టెక్నాలజీ చదివి పద్దెనిమిదేళ్ళుగా చిన్న చిన్న పాల యూనిట్లకు సలహాదారుగా పనిచేస్తున్నాను. మొదట్లో నా దగ్గరికి పాడి కుటుంబాల వాళ్ళే వచ్చేవాళ్ళు. ఇప్పుడు వచ్చేవాళ్ళలో సగం మంది వేరే ఉద్యోగం మానేసి వస్తున్నారు. సాఫ్ట్‌వేర్ వాళ్ళు, బ్యాంకు వాళ్ళు, ఒకరిద్దరు టీవీ రంగం వాళ్ళు కూడా. అందరిదీ ఒకటే కోరిక, రెండో వృత్తి తిండికి సంబంధించినదై ఉండాలని. వాళ్ళతో మొదటి సమావేశంలో నేను తప్పకుండా చెప్పే కేసు ఒకటుంది. ఇంగ్లండ్‌లో బ్లర్ అనే రాక్ బ్యాండ్‌లో బేస్ గిటార్ వాయించే అలెక్స్ జేమ్స్ కేసు.

పోయిన సంక్రాంతి అయ్యాక ఒక జంట వచ్చారు. ఇద్దరూ హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ వాళ్ళే, మేకపాల చీజ్ చెయ్యాలని ఉంది. ఈ కథంతా విని ఆయన అడిగిన మొదటి మాట: "ఆయనకేం సార్, పేరుంది. మాకేముంది?"

అడగాల్సిన ప్రశ్నే అది. ఆ రోజు సగం జవాబు చెప్పి పంపించాను. పూర్తి జవాబు ఇక్కడ రాస్తున్నాను. అలెక్స్ జేమ్స్‌ను నేనెప్పుడూ కలవలేదు. అందరికీ తెలిసిన వివరాలనే, చీజ్ పని తెలిసినవాడిగా చూసి చెబుతున్నాను.

ముందు నేపథ్యం. ఆయన 1968లో ఇంగ్లండ్ దక్షిణ తీరంలోని బోర్న్‌మత్ ప్రాంతంలో పుట్టారు. లండన్ గోల్డ్‌స్మిత్స్ కాలేజీలో ఫ్రెంచ్ చదవడానికి చేరినప్పుడు గిటారిస్ట్ గ్రాహం కాక్సన్‌తో పరిచయమైంది. అలా మొదలైన బ్యాండే బ్లర్. 1995 ఆగస్టులో బ్లర్, ఒయాసిస్ బ్యాండ్‌లు ఒకే రోజు పాటలు విడుదల చేసి పోటీ పడ్డప్పుడు బ్లర్ పాట వారంలో 2,74,000 కాపీలు అమ్ముడై గెలిచింది, ఒయాసిస్‌ది 2,16,000 దగ్గర ఆగింది. ఆ రోజుల్లో అక్కడి వార్తల్లో ఇదే పెద్ద విషయం. ఆ తర్వాతి కొన్నేళ్ళలో షాంపేన్ మీద, కొకైన్ మీద దాదాపు పది లక్షల పౌండ్లు ఖర్చయ్యాయని ఆయనే తన ఆత్మకథలో ఒప్పుకున్నారు. 2002లో కాక్సన్ బ్యాండ్ వదిలేశారు. 2003లో ఒక ఆల్బమ్, టూర్ అయ్యాక బ్యాండ్ చాలా ఏళ్ళు ఆగిపోయింది.

అదే 2003లో ఆయనకు పెళ్ళయింది. ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లో కింగమ్ అనే ఊరి దగ్గర సుమారు 200 ఎకరాల పొలం కొన్నారు. తేనెరంగు సున్నపురాతి ఇళ్ళకు, ఒకప్పటి ఉన్ని వ్యాపారానికి పేరున్న కాట్స్‌వోల్డ్స్ ప్రాంతం అది. పక్కనే డేల్స్‌ఫర్డ్ అనే పెద్ద ఆర్గానిక్ పొలం, దాని సొంత దుకాణం ఉన్నాయి. లండన్‌కు నేరుగా రైలుంది. ఈ వివరాలు చిన్నవిగా కనిపించినా నా లెక్కలో కీలకం. చుట్టుపక్కల తిండి గురించి తెలిసినవాళ్ళు, మంచి తిండికి డబ్బు పెట్టే కొనుగోలుదారులు ఉన్న చోటికి ఆయన వెళ్ళారు. మన దగ్గర ఎకరం చౌకగా దొరికింది కదా అని నగరానికి నాలుగు గంటల దూరంలో యూనిట్ పెట్టి, రెండో ఎండాకాలానికి సరుకును చల్లగా ఉంచి మోసే బండి ఖర్చు భరించలేక మూసేసినవాళ్ళను కనీసం ఐదుగురిని చూశాను.

ఇక అసలు విషయం, చీజ్.

ముందు ఒక మాట. మన పత్రికల్లో చీజ్‌ను తరచుగా "జున్ను" అని రాస్తారు. జున్ను ఈనిన ఆవు లేదా గేదె ముర్రుపాలతో చేసేది, బెల్లం, మిరియాలు వేసి ఆవిరి మీద ఉడికించేది. చీజ్ పని వేరు. పాలకు తోడు బ్యాక్టీరియా వేసి, రెన్నెట్ అనే ఎంజైమ్‌తో గడ్డకట్టించి, ఆ గడ్డను కోసి, విరుగుడు నీళ్ళు వార్చి, ఉప్పు పట్టించి, మామిడికాయను మాగబెట్టినట్టు చల్లటి తడి గదిలో రోజుల నుంచి నెలల దాకా మాగబెట్టాలి. పనీర్ పొద్దున చేస్తే సాయంత్రానికి అమ్ముడుపోతుంది. మాగే చీజ్‌లో పెట్టిన డబ్బు అరల మీద కూర్చుని ఉంటుంది. గట్టి చీజ్ కిలో రావాలంటే పది లీటర్ల పాలు కావాలి. ఆ పది లీటర్లకూ రైతుకు ఈ వారమే డబ్బివ్వాలి, చీజ్ డబ్బు మాత్రం నెలల తర్వాత వస్తుంది. కొత్తగా వచ్చేవాళ్ళు కాగితం మీద ఎప్పుడూ తప్పుగా వేసుకునే లెక్క ఇదే.

ఈ పనిని అలెక్స్ జేమ్స్ ఒంటరిగా మొదలుపెట్టలేదు. జూలియట్ హార్బట్‌తో కలిసి మొదలుపెట్టారు. ఆవిడ న్యూజిలాండ్ నుంచి వచ్చి అప్పట్లో బ్రిటన్‌లో ఉంటున్న చీజ్ నిపుణురాలు, 1994లో బ్రిటిష్ చీజ్ అవార్డ్స్ స్థాపించిన మనిషి. దేశంలో ఏ మూల ఎవరు ఏ చీజ్ బాగా చేస్తారో, ఎవరి దగ్గర ఖాళీ సామర్థ్యం ఉందో ఆవిడకు తెలిసేది. బేస్ వాయించేవాడికి డ్రమ్మర్ ఎంత ముఖ్యమో ఈ పనిలో అలాంటి మనిషి అంత ముఖ్యం. తాళం ఆవిడది.

వాళ్ళ మొదటి చీజ్‌లలో ఒకటి లిటిల్ వాలప్. చిన్న గుండ్రటి మేకపాల చీజ్. తయారయ్యేది కింగమ్‌లో కాదు, ఇంగ్లండ్‌లోనే సోమర్సెట్ అనే జిల్లాలో, సొంత మేకల మంద ఉన్న వైట్ లేక్ అనే చీజ్ కేంద్రంలో. ఆ చీజ్ పైతొక్కను సోమర్సెట్ ఆపిల్ సైడర్ (పులియబెట్టిన ఆపిల్ రసం) నుంచి తీసిన బ్రాందీతో కడిగి, ద్రాక్ష ఆకులో చుడతారు. దానికి తోబుట్టువు ఫార్లీ వాలప్. అదీ మేకపాలదే, కామంబేర్ అనే మెత్తటి ఫ్రెంచ్ చీజ్ తరహాలో తెల్లటి బూజు పొర ఉండి, పైన థైమ్ అనే సువాసన మొక్క రెమ్మ పెట్టి ఉంటుంది.

ఆకులో చుట్టడం కొత్త ఆలోచనేమీ కాదు. ఫ్రాన్స్‌లోని ప్రొవాన్స్‌లో బనోన్ అనే మేకపాల చీజ్‌ను చెస్ట్‌నట్ ఆకుల్లో చుట్టడం తరాలుగా ఉంది. ఆకు లోపల తేమ నిలుస్తుంది, గాలి తగ్గుతుంది, ఆకులోని వగరు మెల్లగా తొక్కలోకి దిగుతుంది. బ్రాందీ కడుగు అక్కర్లేని బూజులను అణచి, తొక్కకు వాసన ఇస్తుంది. సోమర్సెట్ మేకలు, సోమర్సెట్ ఆపిల్ బ్రాందీ, ఒకే జిల్లా సరుకు ఒకే చీజ్‌లో కలిసింది. ఈ పొందిక ఎవరో కూర్చుని రుచి చూసి, ఇది బాగుంది, ఇది కాదు అని తేల్చుకుంటేనే వస్తుంది.

ఇది ఎంత కష్టమో నాకు చేతులు కాల్చుకున్నాకే తెలిసింది. నాలుగేళ్ళ కిందట ఒక చిన్న యూనిట్‌లో మేకపాల చీజ్‌కు ద్రాక్ష ఆకు చుట్టి చూశాం. తోట నుంచి లేత ఆకులు తెప్పించి, నీళ్ళతో కడిగి, గుడ్డతో తుడిచి చుట్టేశాను. వేడినీళ్ళలో ముంచి తియ్యాలని, ఆ తర్వాత మద్యంలో నానబెట్టాలని పుస్తకాల్లో చదివాను గానీ తొందరలో ఆ మెట్టు వదిలేశాను. తొమ్మిదో రోజు అర లాగి ఒక ఆకు విప్పాను. ఆకు ఈనెలు ఎలా పరుచుకున్నాయో అచ్చం అలాగే చీజ్ తెల్లటి తొక్క మీద నల్లటి బూజు గీతలు. ఈనె ఉన్న ప్రతిచోటా ఒక గీత. తడిసిన గోనెసంచి వాసన. ఇరవై నాలుగు చీజ్‌లు, అన్నీ ఒకే రకంగా. మొత్తం పారేశాం. ఆ రోజు నుంచి ఆకు చుట్టిన చీజ్ ఎక్కడ కనబడినా, ముందు ఆ ఆకును సిద్ధం చేసిన మనిషి గుర్తొస్తాడు. లిటిల్ వాలప్ విషయంలో ఆ మనిషి సోమర్సెట్‌లో ఉన్నాడు. అలెక్స్ జేమ్స్ ఆ పనిని చేతనైనవాళ్ళకే వదిలిపెట్టారు. ఈ కేసులో నాకు బాగా నచ్చిన నిర్ణయం అదే.

రెండోది బ్లూ మండే, ఆవుపాల నీలి చీజ్. పేరు న్యూ ఆర్డర్ బ్యాండ్ 1983లో తెచ్చిన పాటది. నీలి చీజ్‌లో పెనిసిలియం రోక్‌ఫోర్టి అనే బూజు పెరగాలి, దానికి గాలి కావాలి. అందుకని చీజ్ కొంచెం గట్టిపడ్డాక సన్నటి సూదులతో లోపలి దాకా గుచ్చుతారు. ఆ రంధ్రాల వెంట, గడ్డ ముక్కల మధ్య సందుల వెంట నీలిరంగు పాకుతుంది. ఎప్పుడు గుచ్చాలి, ఎన్ని చోట్ల గుచ్చాలి అన్నదాన్ని బట్టే రుచి. ముందే గుచ్చితే రంధ్రాలు మూసుకుపోతాయి, ఆలస్యమైతే తొక్క బిగిసి లోపల తెల్లగానే ఉండిపోతుంది. పైగా ఈ చీజ్ చతురస్రంగా, దిమ్మలా ఉంటుంది. దిమ్మ మూలలు మధ్యభాగం కన్నా త్వరగా ఆరతాయి, ఉప్పు కూడా మూలల్లో ఎక్కువ పడుతుంది. గుండ్రటి అచ్చుల మీద చెయ్యి తిరిగినవాళ్ళు కూడా దిమ్మ చెయ్యాలంటే కొన్ని బ్యాచ్‌లు పాడుచేసుకోక తప్పదు.

దాన్ని మొదట స్కాట్లండ్ ఉత్తరాన టైన్ పట్టణంలో హైలాండ్ ఫైన్ చీజెస్ వాళ్ళు తయారుచేశారు. క్రౌడీ అనే పాత పల్లెటూరి చీజ్‌ను 1960లలో మళ్ళీ మొదలుపెట్టి ఎదిగిన కుటుంబ సంస్థ అది. తర్వాత బ్లూ మండే తయారీ యార్క్‌షైర్‌లోని షెపర్డ్స్ పర్స్ అనే ఇంకో కుటుంబ సంస్థకు మారింది. టైన్ వాళ్ళు తమ నీలి దిమ్మను బ్లూ మర్డర్ అని పేరు మార్చి తమ సొంత చీజ్‌గా అమ్ముకుంటూ వచ్చారు.

మా రంగంలో ఈ ఒక్క సంఘటనను ఒక గంట పాఠంగా చెప్పొచ్చు. విడిపోయినప్పుడు ఎవరి దగ్గర ఏం మిగిలిందో చూడండి. పేరు సంగీతకారుడితో వెళ్ళింది. చెయ్యి, పాలు, అచ్చు, గది, ఆ గది గోడల్లో స్థిరపడ్డ బూజు టైన్‌లోనే ఉండిపోయాయి. ఆ చెయ్యి కొత్త పేరు పెట్టుకుని మార్కెట్లో నిలబడింది. ఇటు పేరు కూడా ఇంకో మంచి చెయ్యి దొరికింది కాబట్టే నిలబడింది. బయటి యూనిట్‌లో తయారు చేయించుకునే ప్రతి ఒప్పందంలో ఈ ప్రశ్నను నేను ముందే రాయిస్తాను: రేపు విడిపోతే పేరు ఎవరిది, తయారీ విధానం ఎవరిది, సగం మాగిన సరుకు ఎవరిది? మూడో ప్రశ్నను అందరూ మర్చిపోతారు. గదిలో రెండు నెలల సరుకు మాగుతుండగా గొడవొస్తే ఆ సరుకును ఎవరూ పట్టించుకోరు, తిప్పరు, తుడవరు. పాడైపోతుంది.

పేరున్నవాడి రెండో వృత్తిలో పేరు ఎంతవరకు పనికొస్తుందో చూపించే భాగం 2011లో జరిగింది. ఆ ఏడాది ఆయన పేరు మీద అస్డా సూపర్‌మార్కెట్‌లో ఒక చీజ్ వరుస వచ్చింది. టొమాటో కెచప్ రుచి, సలాడ్ క్రీమ్ రుచి, టిక్కా మసాలా రుచి ఉన్న చెడర్ స్లైసులు. పత్రికల్లో విమర్శలు బాగానే వచ్చాయి. ఆ వరుస ఎక్కువ కాలం నిలవలేదు.

దీన్ని తేలిగ్గా తీసిపారెయ్యడం నాకిష్టం లేదు. పిల్లలు రొట్టె మీద చీజ్, పక్కన కెచప్ తింటారు, ఆ రెండూ ఒకచోట పెడదామనుకోవడంలో తప్పేమీ లేదు. చౌకగా, అందరికీ అందేలా చెయ్యాలనుకోవడం మంచి ఉద్దేశమే. కానీ ఆ స్లైసులో మాగుడు లేదు, ఆకు లేదు, ఫలానా మంద పాలు అని చెప్పుకునే వీలు లేదు. లిటిల్ వాలప్ నుంచి ఆయన పేరు తీసేసినా అది మంచి మేకపాల చీజే. ఈ స్లైసు మీద నుంచి పేరు తీసేస్తే మిగిలేది పక్క అరలోని ఏ స్లైసైనా ఒకటే. కొనేవాళ్ళు మొదటిసారి పేరు చూసి కొంటారు, రెండోసారి నాలుక చెప్పినట్టు వింటారు. ఇలాంటిదే మన దగ్గర ఒక పచ్చళ్ళ యూనిట్‌లో దగ్గరగా చూశాను. తెలిసిన ముఖం డబ్బా మీద వేశారు, మొదటి నెల ఆర్డర్లు ముంచెత్తాయి. నూనె మాత్రం మామూలు కన్నా చౌక రకం పోశారు. నాలుగో నెలకల్లా డీలర్లు డబ్బాలు వెనక్కి పంపడం మొదలుపెట్టారు.

పొలంలో పండుగల సంగతి క్లుప్తంగా చెబుతాను. 2011లో ఆయన పేరుతో హార్వెస్ట్ అనే సంగీతం, తిండి పండుగ పొలంలో జరిగింది. దాన్ని నిర్వహించిన సంస్థ ఆ తర్వాత కుప్పకూలింది, కొందరికి రావాల్సిన డబ్బు రాలేదు. 2012 నుంచి వంటల నిపుణుడు జేమీ ఆలివర్‌తో కలిసి బిగ్ ఫీస్టివల్ అనే తిండి, సంగీతం పండుగ అదే పొలంలో జరగడం మొదలైంది, వేసవి చివర్లో ఏటా జరిగే పెద్ద కార్యక్రమంగా స్థిరపడింది. ఇక్కడ కూడా భూమి, మనిషి, పేరు అవే. మారింది నిర్వహించే చెయ్యి.

ఇప్పుడు రాత గురించి. ఈ కేసు విన్నవాళ్ళు ఈ భాగాన్ని అలంకారంగా తీసుకుంటారు. నా దృష్టిలో సగం కేసు ఇక్కడే ఉంది.

ఆయన పొలానికి మారాక ఇండిపెండెంట్ పత్రికలో, స్పెక్టేటర్‌లో కాలమ్‌లు రాశారు. ఆ తర్వాత సన్ పత్రికలో తిండి గురించి రాశారు. 2007లో బ్యాండ్ రోజుల ఆత్మకథ, 2012లో పొలం, చీజ్ గురించి పుస్తకం, బ్యాండ్ మళ్ళీ కలిసిన ఏడాది గురించి 2024లో ఇంకో పుస్తకం వచ్చాయి. సంగీతకారులు తిండి గురించి రాయడం ఆయన ఒక్కరితో మొదలవలేదు. ఫ్రాంజ్ ఫెర్డినాండ్ గాయకుడు అలెక్స్ కప్రానోస్ బ్యాండ్‌కు ముందు వంటవాడిగా పనిచేసి, టూర్లలో తిన్నదాని గురించి గార్డియన్‌లో రాశారు. అలెక్స్ జేమ్స్‌ది మాత్రం ఒకే చోట కూర్చుని, ఒకే పొలాన్ని ఏళ్ళ తరబడి చూస్తూ రాసిన రాత.

కాలమ్ అంటే గడువు. గడువొచ్చేసరికి ఏదో ఒకటి చూసి ఉండాలి. గొర్రెలు ఈనడం, పైకప్పు కారడం, పొరుగు రైతు చెప్పిన మాట, ఏదో ఒకటి. కొత్తగా పల్లెకొచ్చినవాడికి ఇంతకన్నా మంచి బడి లేదని నా నమ్మకం. రాయాలంటే అడగాలి. అడిగితే పక్కవాళ్ళు చెబుతారు, అలా పరిచయాలు ఏర్పడతాయి. ఇంకోటి కూడా ఉంది. మాగే చీజ్‌లో డబ్బు ఆలస్యంగా వస్తుందని పైన చెప్పాను. రాతకు డబ్బు నెల నెలా వస్తుంది. చీజ్ మాగుతుండగా ఇల్లు గడవడానికి ఇంకో ఆదాయం ఉండాలని నేను అందరికీ చెబుతాను. ఆయన విషయంలో పాత పాటల రాయల్టీతో పాటు కలం ఆ పని చేసింది. ఇంకా ముఖ్యమైనది, వాడేవాడికీ చేసేవాడికీ మధ్య దారి వేసింది. చీజ్ కొనడానికి ముందే ఆ పొలం ఎలా ఉంటుందో పాఠకుడికి తెలుసు.

మొదటి వృత్తిని ఆయన పూర్తిగా వదిలెయ్యలేదు కూడా. 2009 జూలైలో లండన్ హైడ్ పార్క్‌లో బ్లర్ మళ్ళీ వాయించింది. 2023 జూలైలో వెంబ్లీ స్టేడియంలో రెండు రాత్రులు వాయించింది. నా దగ్గరికి వచ్చేవాళ్ళు ఉద్యోగానికి రాజీనామా ఇచ్చేసి, ఆ రసీదు చూపించి తమ పట్టుదల నిరూపించుకోవాలనుకుంటారు. వద్దంటాను. వారంలో రెండు రోజుల కన్సల్టింగ్ అయినా ఉంచుకోమంటాను.

ఇక ఆ జంట అడిగిన ప్రశ్న దగ్గరికొస్తాను. ఆయనకు పేరుంది, నిజమే. పేరు లేకపోతే సూపర్‌మార్కెట్ ఆయన్ని పిలిచేది కాదు, పత్రికలు కాలమ్ ఇచ్చేవి కావు. కానీ ఈ కేసులో నిలబడిన ప్రతి సరుకు వెనకా చేతనైన మనిషి ఒకరున్నారు. పేరు ఒక్కటే పెట్టుబడిగా పెట్టిన చోట సరుకు నిలవలేదు. మా జంటకు పేరు లేదు, కాబట్టి ఆ స్లైసుల తప్పు చేసే అవకాశం కూడా లేదు. వాళ్ళకు కావాల్సింది జూలియట్ హార్బట్ లాంటి ఒక మనిషి, వైట్ లేక్ లాంటి ఒక మంద.

మందను వెతకడానికి నాలుగు నెలలు పట్టింది. మహబూబ్‌నగర్ వైపు ఒక కుటుంబం దగ్గర నలభై మేకలున్నాయి. మేకపాలు ఏడాది పొడుగునా ఒకేలా రావు, ఈత కాలాన్ని బట్టి ఎక్కువ తక్కువలుంటాయి. అందుకని పాలు తగ్గే నెలలకు కూడా కొంత డబ్బు ఇచ్చేలా ఒప్పందం రాసుకున్నాం. ఆ ఇంటి పెద్దావిడ మొదటి రోజే చెప్పింది: "పొద్దుటి పాలు పొద్దున్నే పట్టుకపోవాలె బిడ్డా, నా దగ్గర ఫ్రిజ్ లేదు." అక్కడే చిన్న కూలర్ పెట్టించాం. సొంత గది కట్టొద్దని, ముందు ఒక నడుస్తున్న యూనిట్‌లో ఒక అర అద్దెకు తీసుకోమని చెప్పాను. ఒప్పుకున్నారు. సగం మాగిన సరుకు ఎవరిదన్నది ఒప్పందంలో నాలుగో పేజీలో ఉంది.

ఇంకోటి కూడా అడిగాను. ప్రతి బ్యాచ్‌కు ఒక పేజీ రాయమన్నాను. ఉష్ణోగ్రత, ఆమ్లత్వం అంకెలు ఎలాగూ వేరే పుస్తకంలో ఉంటాయి. ఇది మామూలు మాటల్లో, ఇంట్లో వాళ్ళకు చెప్పినట్టు. జంటలో ఆవిడకు ముందు మొహమాటం. మూడో బ్యాచ్ తర్వాత నోటుబుక్ ఫొటో తీసి పంపింది. "ఈ రోజు పాలగడ్డ కోస్తే కత్తికి అంటుకోలేదు. పోయినసారి అంటుకుంది. పెద్దమ్మను అడిగితే నిన్న మేకలకు తుమ్మకాయలు పెట్టామంది. దానికీ దీనికీ సంబంధం ఉందో లేదో తెలీదు, రాసి పెట్టుకుంటున్నాను."